నలభై ఏడో నమూనా

అచ్చాపీసు వెనక గది,
జనవరి 9

మామయ్యకు నమస్కారం.

నేను గుర్తున్నానో లేదో తెలియదు కాబట్టి చెప్పుకుంటున్నాను. మీ అక్కయ్య కూతుర్ని. చిన్నప్పుడు మీరు ‘పిచ్చుకా’ అని పిలిచేవారు. అమ్మ పోయిన రోజున మీరు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడితే మంచినీళ్ళు ఇచ్చింది నేనే. తాగకుండా గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయారు. అది జరిగి నాలుగేళ్ళు.

ఇప్పుడు పనిపడి రాస్తున్నాను. పని లేకపోతే రాసేదాన్ని కాదని మీరు అనుకుంటారు, అనుకోండి, నిజమే. గోడల మీద పాచిలా పెరిగే లైకెన్ల గురించి నాన్న రాసిన పుస్తకం కొత్తగా అచ్చు వేస్తున్నారు. మొత్తం అరవై రకాలు, అరవై బొమ్మలు. బొమ్మలు నేను గీస్తున్నాను. ఏప్రిల్ నెలాఖరుకి అచ్చుకి వెళ్ళాలి.

నలభై ఆరు వరకు బాగానే నడిచింది. నలభై ఏడు దగ్గర చెయ్యి ఆగిపోయింది. గోడకి పసుపు రంగు చిందినట్టు పరుచుకునే పెచ్చు లైకెన్ అది. గోటితో గీకితే పొడి రాలుతుంది కానీ పెచ్చు ఊడిరాదు. ఎక్కడ చూసినా ఉంటుంది, మా అచ్చాపీసు ప్రహరీ నిండా అదే. పుస్తకంలో మాత్రం ‘కాండెలారియెల్లా, గుడ్డు పచ్చసొన రంగు’ అని ఉంది. నా కళ్ళకి పచ్చసొన కనబడడం లేదు. నీడలో నిమ్మపండు, ఎండ పడేచోట నారింజ తొక్క. ఏ రంగు కలపను?

నాన్నకి చూపు ఆనడం లేదు. చెయ్యి వణుకుతోంది. అడిగితే, ‘గోడల విషయం మీ మామయ్యకి తెలిసినంత ఎవరికీ తెలీదు, రాసి చూడు, తిడతాడు, కానీ చెప్తాడు’ అన్నారు.

మీ మేనకోడలు


మేడ మీది గది,
జనవరి 17

అమ్మాయికి,

ఉత్తరం అందింది. మీ నాన్న నన్ను మెచ్చుకున్నాడంటే చూపు నిజంగానే పోయి ఉంటుంది.

నీ కళ్ళు బాగున్నాయి, పుస్తకమే బాగాలేదు. నువ్వు చూస్తున్నది కాండెలారియెల్లా కాదు, కాలోప్లాకా. రెండూ పసుపే, రెండూ గోడల మీదే ఉంటాయి, రెండూ ఊరందరికీ పాచే. పెచ్చు మీద బీజాలు పుట్టే బుల్లి గిన్నెలు ఉంటే ఆ బీజాలు సూక్ష్మదర్శినిలో చూసి తేల్చవచ్చు. కానీ గోడల మీద చాలాసార్లు ఉత్త పొడిపెచ్చే ఉంటుంది, గిన్నెలు ఉండవు. అప్పుడు తేల్చేది నీళ్ళలో కలిపిన పొటాష్ ఒక్కటే. సన్నని గాజుపుల్లతో ఒక బొట్టు పెడితే కాలోప్లాకా నెత్తురులా ఎర్రబారి ఊదాకు తిరుగుతుంది. కాండెలారియెల్లా ఏమీ ఎరగనట్టు పసుపుగానే ఉంటుంది. ఇంత సులువైన సంగతి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తప్పుగా అచ్చవుతూ ఉందంటే, దానికి కారణం శాస్త్రం కాదు.

మీ ఇంట్లో నీకు ఏ కథ చెప్పారో తెలియదు. నేను చెప్పేది విను. ఎండిన నమూనాలు దాచే హెర్బేరియంలో వాటిని చూసుకునే కీపర్ని నేను, మీ నాన్న ఉపన్యాసకుడు. డైరెక్టర్ పదవికి ఇద్దరమూ నిలబడ్డాం. ఎంపిక సంఘంలో ముగ్గురు. ఒకాయన నిద్రపోతున్నాడు, ఒకాయన మెలకువగా ఉన్నా తేడా తెలియలేదు, మూడో ఆయన కూతురికి సంబంధాలు చూస్తూ మమ్మల్ని కూడా ఆ కంటితోనే చూశాడు. ఆవరణ గోడ నుంచి చెక్కిన రాతి పెచ్చు ఒకటి బల్ల మీద పెట్టి పేరు చెప్పమన్నారు. నేను భూతద్దం కూడా తీయకుండా కాలోప్లాకా అన్నాను. మీ నాన్న పొటాష్ బొట్టు పెట్టాడు. రంగు మారలేదు. ‘కాండెలారియెల్లా’ అన్నాడు. ముగ్గురూ కళ్ళారా చూశారు. పదవి అతనిదయింది. నాకు మిగిలింది కంటిచూపుతో శాస్త్రం చెప్పే సోది కీపర్ అనే పేరు.

ఆ గోడ మీద కాలోప్లాకా తప్ప మరొకటి లేదు. పొటాష్ సంగతి అంటావా, హెర్బేరియంలో ప్రతి నెల ఒకటో తేదీన పాతది పారబోసి కొత్తది కలిపి, సీసాకు తేదీ చీటీ నా చేత్తో అంటించేవాణ్ణి. గాలి తగిలితే పొటాష్ చచ్చిపోతుంది, అందుకని. ఆ రోజు సీసా మీద జనవరి ఒకటి అని ఉంది. పరీక్ష జరిగింది ఇరవై ఒకటిన. కాబట్టి పొటాష్ తప్పు కాదు. ఇక మిగిలింది రాయి. మీ నాన్న అరచేతిలో రాయి మార్చాడు.

రంగు అడిగావు. నిమ్మపసుపులో చిటికెడు నారింజ కలుపు. పేరు కూడా మార్చు.

మామయ్య


అచ్చాపీసు వెనక గది,
ఫిబ్రవరి 6

మామయ్యకి,

మీరు చెప్పినట్టే చేశాను. బళ్ళో రసాయనశాస్త్రం చెప్పే పంతులమ్మని బతిమాలి పొటాష్ బిళ్ళలు నాలుగు తెచ్చుకుని, అప్పటికప్పుడు నీళ్ళలో కలిపాను. ప్రహరీ పెచ్చు మీద బొట్టు పెట్టానో లేదో, ఎవరో గిచ్చినట్టు ఎర్రబారింది. అచ్చు కూర్చే ఆయన పక్కనే ఉండి, ‘ఏంటమ్మా, గోడకి దెబ్బ తగిలిందా’ అన్నాడు.

తర్వాత నాన్నని అడిగి అసలు నలభై ఏడో నమూనా దాచిన పొట్లం తెప్పించాను. మీ పరీక్షలో బల్ల మీద పెట్టిన రాయి అందులోనే ఉందట. దాని మీదా ఒక బొట్టు పెట్టాను. అదీ ఎర్రబారింది. కాబట్టి మీరు చెప్పిందే నిజం. పుస్తకంలో తప్పే. ఈ మాట నాన్నకి చెప్పాను. ఆయన ‘ఊఁ’ అని అటు తిరిగి పడుకున్నారు.

కానీ మామయ్యా, ఒకటి నాకు కొరుకుడు పడడం లేదు. ఆ పొట్లం మీద లక్కముద్ర ఉంది. ఎంపిక సంఘం వాళ్ళు ముగ్గురూ అదే రోజు, అదే బల్ల దగ్గర సంతకాలు చేశారు. ముద్ర విప్పింది నేనే. లోపలి రాతి మీద పాత తడి మచ్చ ఒకటి ఉంది, బొట్టు పెట్టిన గుర్తు. అంటే నాన్న పరీక్షించింది ఈ రాయినే. మార్చింది ఎక్కడ? ఎప్పుడు?

మీరు కోప్పడతారని తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయాను. మా పంతులమ్మ అన్నట్టు, అడిగితే ఒక పూటే సిగ్గు.

పిచ్చుక


మేడ మీది గది,
ఫిబ్రవరి 15

అమ్మాయికి,

రెండు బొట్లూ ఎర్రబారాయన్న వాక్యం నాలుగుసార్లు చదివాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఈ లోపల నన్ను ‘సోది’ అన్నవాళ్ళలో సగం మంది పోయారు. వాళ్ళకు ఈ కబురు చేరవేసే తపాలా లేదు, అదొక్కటే నా విచారం.

లక్కముద్ర గురించి పెద్దగా ఆలోచించకు. ముద్రలు వేసేది మనుషులు, వాళ్ళలో ఒకాయన నిద్రలో ఉన్నాడని ముందే రాశాను. చేతివాటం ఉన్నవాడికి లక్క ఒక అడ్డు కాదు.

ఇక పని మాట. పేరు మాత్రమే మారిస్తే సరిపోదు. తప్పు దానంతట అది జరగలేదు, ఒకరు చేశారు. సవరణ చీటీకి నేనే ముసాయిదా రాసి దీనితో పంపుతున్నాను. అందులో ఇలా ఉంది: ‘నలభై ఏడో నమూనా పేరు తప్పు. ఈ తప్పు ఎంపిక పరీక్షలో గ్రంథకర్త నమూనాను మార్చినందువల్ల కలిగింది. సరైన పేరు నాడే చెప్పినవాడు హెర్బేరియం కీపర్.’ ఒక్క అక్షరం తగ్గినా ఒప్పుకోను. కొత్త ముద్రణలో ఇది రాకపోతే నేనే అచ్చు వేయించి దేశంలో ఉన్న ప్రతి హెర్బేరియానికీ పంపుతాను. మీ నాన్న మంచివాడని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ నమ్మకం ఆయన బతికుండగానే పోవాలి. పోయినవాళ్ళ తప్పులు ఎవరూ నమ్మరు.

మామయ్య


అచ్చాపీసు వెనక గది,
మార్చి 3

మామయ్యకి,

ఇంతకాలం మీకు చెప్పని మాట ఒకటుంది. మొదటి నుంచీ మీ ఉత్తరాలు నాన్నకి చదివి వినిపిస్తున్నాను. బాగా తిట్టిన చోట మళ్ళీ చదవమంటారు. ‘వాడి వాక్యం ఇంకా తుప్పు పట్టలేదే’ అంటారు. సోది కీపర్ అన్న దగ్గర మాత్రం నవ్వలేదు.

ముసాయిదా కూడా చదివాను. చదవకుండా దాచాలనుకున్నాను, గొంతు మారితే ఆయనకి తెలిసిపోయింది. అంతా విని, ‘అటక మీద ఇనప్పెట్టెలో పొటాష్ డబ్బా ఉంటుంది, తీసుకురా’ అన్నారు. హెర్బేరియంలో వాడిన రేకు డబ్బా. మీకు తెలిసే ఉంటుంది. మూత తీసి బిళ్ళలు తీసుకున్న ప్రతిసారీ మళ్ళీ మైనంతో మూసి, చుట్టూ ఉన్న కాగితం మీద తేదీ వెయ్యడం మీ దగ్గర పద్ధతట.

ఆ కాగితం నా ముందు ఉంది. తేదీలన్నీ మీ చేతిరాత. ఒకటో తేదీ, ఒకటో తేదీ, ఒకటో తేదీ, వరసగా రెండేళ్ళు. ఆఖరుది మీ పరీక్షకి ముందటి ఆగస్టు ఒకటి. దాని తర్వాత ఖాళీ. ఆ కింద ఫిబ్రవరి పన్నెండు, నాన్న చేతిరాత. మధ్యలో డబ్బా ఎవరూ తెరవలేదు. తెరవకుండా జనవరి ఒకటిన కొత్త పొటాష్ ఎలా కలిసింది మామయ్యా?

నేను చెప్తాను, తప్పయితే కొట్టెయ్యండి. సీసాలో ఉన్నది ఆగస్టు నాటి చచ్చిన పొటాష్. దాని మీద మీరు కొత్త తేదీ చీటీ అంటించారు. నాన్న మీ చీటీని నమ్మి బొట్టు పెట్టారు. రంగు రాలేదు. ఆయన మోసం చెయ్యలేదు, మోసపోయారు.

మీ ముసాయిదా వెయ్యమంటే వేస్తాను. పక్కనే ఈ కాగితం బొమ్మ కూడా గీసి వేస్తాను, తేదీలతో సహా. నా కళ్ళు బాగున్నాయని మీరే అన్నారు. అచ్చు కూర్చే ఆయన ఏప్రిల్ ఇరవై దాకా ఆగుతానన్నాడు. ఈలోగా ఏం వెయ్యాలో మీరే చెప్పండి.

మేనకోడలు


మేడ మీది గది,
మార్చి 11

అమ్మాయికి,

కాగితాలు ఎవరైనా రాస్తారు. ఎలుకలు కూడా కొరికి తేదీలు మారుస్తాయి.

మీ నాన్నను ఒక్కటి అడుగు. ఫిబ్రవరి పన్నెండున డబ్బా ఎందుకు తెరిచాడు? అప్పుడే తెలిసి ఉంటే ఎందుకు నోరు మూసుకున్నాడు?

మామయ్య


అచ్చాపీసు వెనక గది,
మార్చి 20

మామయ్యకి,

అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో నా మాట లేదు.

‘కుర్చీలో కూర్చున్న మూడో వారం. కిటికీ బయట గోడ మీద, ఎవరికైనా కాలోప్లాకా అని తెలిసిన మచ్చ మీద అదే సీసాలోది బొట్టు పెట్టాను. ఎర్రబారలేదు. పొటాష్ చచ్చిందని అర్థమైంది. డబ్బా చూస్తే ఆగస్టు. చీటీ చూస్తే జనవరి. బయటపెడితే వాడి ఉద్యోగం పోయేది, ఆ ఐదు నెలల్లో వాడు పేర్లు పెట్టిన నమూనాలన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళేవి. నా కుర్చీ కూడా పోయేది. అందుకని ఊరుకున్నాను. మూడో వంతు వాడి కోసం, రెండు వంతులు నా కోసం. పొట్లం విప్పి మళ్ళీ పరీక్షించాల్సింది. చెయ్యలేదు. పుస్తకంలో తప్పు పేరు తెలిసే ఉంచాను. మార్చితే ఎందుకని అడుగుతారు.’

అంతే. తర్వాత, ‘వాడు నన్ను ఎన్నయినా అననీ, రాయి మార్చానన్న మాట మాత్రం వద్దని చెప్పు. నలభై ఏళ్ళు రాళ్ళు ఏరాను, ఒక్కటీ మార్చలేదు’ అన్నారు. గోడ వైపు తిరిగి అన్నారు.

ఆయన చేసింది ఒప్పని నేననను. కూతుర్ని కాబట్టి ఒకటి రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మీ వంతు.

పిచ్చుక


మేడ మీది గది,
ఏప్రిల్ 8

అమ్మాయికి,

మూడో వంతు, రెండు వంతులు. మీ నాన్న జీవితంలో చేసిన కొలతల్లో సరైనది ఇదొక్కటే. కాబట్టి నేనూ కొలిచే రాస్తాను.

నువ్వు ఊహించింది నిజం. ఆ ఆగస్టు నుంచి నేను పదవికి చదువుతున్నాను. మూడు భాషల గ్రంథాలు తెప్పించుకుని, బీరువాల మధ్య కూర్చుని చదివాను. సీసా కడగడం, బిళ్ళలు తూచడం, మైనం కరిగించడం కాబోయే డైరెక్టర్ చేసే పనులా అనిపించింది. ఒకటో తేదీన పాత చీటీ చింపి కొత్తది అంటించేవాణ్ణి. అంత మాత్రం ఒళ్ళు వంచాను. ఐదు చీట్లు. ఆ నెలల్లో నేను పేర్లు పెట్టినవన్నీ కంటితో పెట్టినవే. కన్ను మంచిది కాబట్టి చాలా వరకు సరిగ్గానే ఉంటాయి. అయినా తిరిగి చూడమను.

నీకు తెలియనిది ఒకటి ఉంది, డబ్బా కాగితం చెప్పలేనిది. పరీక్ష రోజున బల్ల మీద ఆ సీసా చూసినప్పుడు అందులో ఉన్నది ఉత్త నీళ్ళతో సమానమని నాకు తెలుసు. అందుకే ముట్టుకోలేదు. ముట్టుకుంటే రంగు రాదు, సీసా ఎవరిదని అడుగుతారు. కంటితోనే చెప్పేశాను, దానికి గర్వం అని పేరు పెట్టుకున్నాను. నా తర్వాత మీ నాన్న లోపలికి వెళ్తుంటే, ‘బావా, ఆ సీసా చచ్చింది’ అని ఒక్క మాట అనవచ్చు. గుమ్మం దగ్గర ఎదురుపడ్డాం కూడా. అతను నా భుజం తట్టి వెళ్ళాడు. నేను అనలేదు. రంగు రాకపోతే తికమకపడి నోరు మూసుకుంటాడనుకున్నాను. ఆ మనిషి ఏ సందేహమూ లేకుండా తప్పు పేరు చెప్పి పదవి తీసుకుపోయాడు. నా చీటీని అంత నమ్ముతాడని నేననుకోలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక, ఏమైందని ఇంట్లోవాళ్ళు అడిగితే రాయి మార్చాడన్నాను. మొదటిసారి అన్నప్పుడు అబద్ధమని తెలుసు. పదోసారికి అంత కచ్చితంగా తెలియలేదు. నువ్వు మొదటి ఉత్తరం రాసేనాటికి అది నాకు కళ్ళారా చూసిన దృశ్యం. అరచెయ్యి, వేళ్ళ సందు, అన్నీ కనబడేవి. ముసలితనానికి ఇది కూడా ఒక వైభవం.

నా ముసాయిదా చింపెయ్యి. దాని బదులు ఇది వేయించు: ‘నలభై ఏడో నమూనా కాండెలారియెల్లా కాదు, కాలోప్లాకా. కొత్త పొటాష్‌తో ఎర్రబారుతుంది. పాత గుర్తింపుకు వాడిన పొటాష్ ఐదు నెలల నాటిది. దానికి కొత్త తేదీ చీటీ అంటించినవాడు హెర్బేరియం కీపర్. గ్రంథకర్త నమూనాను మార్చలేదు.’ కింద నా సంతకం వెయ్యి.

ఇది మీ నాన్న మీద ప్రేమతో రాశానని ఎవరైనా అంటే కాదని చెప్పు. పుస్తకం తప్పుగా ఉండడం నాకు ఇష్టం లేదు.

మామయ్య


పడక గది,
ఏప్రిల్ 13
(నాన్న చెబుతుంటే రాస్తున్నది: పిచ్చుక)

బావమరిదికి,

నీ సవరణ రెండుసార్లు చదివించుకున్నాను. శాస్త్రం బాగుంది. న్యాయం సగమే ఉంది.

గ్రంథకర్త నమూనాను మార్చలేదని రాశావు. సంతోషం. కానీ గ్రంథకర్తకి మూడో వారానికే తెలుసు, తెలిసీ ముప్ఫై ఒక్క ఏళ్ళు తప్పు పేరు ఉంచాడు. ఆ మాట ఏది? ఒక్కడివే తప్పు చేసినట్టు, నేను పాపం ఏమీ ఎరగని వాణ్ణయినట్టు రాసి మళ్ళీ పైచెయ్యి నీదే చేసుకుందామనా? అలా కుదరదు. దీనితో విడిగా పంపుతున్న నా వాక్యం కూడా పడాలి, నా సంతకం కూడా పడాలి. లేకపోతే అచ్చుకి ఒప్పుకోను. పుస్తకం నాది.

నువ్వు పేరు పెట్టిన ఆ ఐదు నెలల నమూనాలు నేను అప్పుడే, డైరెక్టర్‌గా ఉన్న మొదటి ఏడాదిలోనే, కొత్త పొటాష్‌తో తిరగేశాను. నూట పన్నెండు. నాలుగు తప్పు. చెప్పకపోవడం కూడా నా లెక్కలో వేసుకో.

అక్కడ గుమ్మం దగ్గర ఎదురుపడ్డ సంగతి నాకు గుర్తుంది. నీ మొహం చూసి, రాత్రంతా చదివి అలిసిపోయావనుకున్నాను.

బావ

(ఇది నాది: ఆయన ఈ ఉత్తరం ఒక పూట చెప్పి, రెండు పూటలు దిద్దించారు. ఇరవయ్యో తేదీ దగ్గరపడుతోంది మామయ్యా. మీరిద్దరూ కలిసి అచ్చు కూర్చే ఆయన ప్రాణం తీస్తున్నారు. — పిచ్చుక)


మేడ మీది గది,
ఏప్రిల్ 17

బావకు,

నూట పన్నెండులో నాలుగు. ఆ నాలుగూ ఏవో రాసి పంపు. రెండైనా నీ పొరపాటని తేలుస్తాను.

సవరణ చీటీ పుస్తకంలో అంటించే కాగితం, ఆత్మకథ కాదు. ఆరు వరసలకు మించి పట్టవని నీ కూతుర్ని అడిగి కనుక్కున్నాను. నువ్వు పంపిన వాక్యం ఒక్కటే నాలుగు వరసలు తింటుంది. ఉపన్యాసకుడివి, అలవాటు పోలేదు. అందులోంచి ‘అత్యంత విచారకరంగా’, ‘వ్యక్తిగత కారణాల చేత’ అన్న ముక్కలు తీసేశాను. నా దాంట్లోనూ ఒక వరస తగ్గించాను. ఇప్పుడు ఇలా ఉంది:

‘నలభై ఏడో నమూనా కాండెలారియెల్లా కాదు, కాలోప్లాకా. కొత్త పొటాష్‌తో ఎర్రబారుతుంది. మొదటి గుర్తింపుకు వాడినది చచ్చిన పొటాష్. దాని మీద కొత్త తేదీ అంటించినవాడు కీపర్. అది తెలిసీ పేరు మార్చనివాడు గ్రంథకర్త. నమూనాను ఎవరూ మార్చలేదు.’

ఇందులో ఇక ఒక్క అక్షరం ముట్టుకోకు.

సంతకాలు రెండూ పడతాయి, ఒకదాని కింద ఒకటి. హెర్బేరియం నోటీసుల మీద, నమూనాల జాబితాల మీద, అక్కయ్య పోయిన కబురు కార్డు మీద కూడా నీ పేరు తర్వాతే నా పేరు వచ్చింది. ఈ చీటీలో నాది పైన వేయించు. తప్పు ముందు చేసింది నేను.

బావమరిది